మగపిల్లికి మూత్రం ఆగితే తెల్లవారేదాకా ఆగకూడదు

రాత్రి పదకొండు దాటాక ఇంట్లోని మగపిల్లి ఇసుక ట్రేలోకి వెళ్తుంది. ఇసుక గీరుతుంది, నడుం వంచి కూర్చుంటుంది, కాసేపటికి లేచిపోతుంది. రెండు నిమిషాలకు మళ్లీ అదే పని. తర్వాత స్నానాలగదిలో చల్లటి గచ్చు మీద, ఆ తర్వాత వాష్‌బేసిన్‌లో. కాలుగాలిన పిల్లి అన్న మాటకు అర్థమేమిటో ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ తెలిసివస్తుంది. చాలా ఇళ్లలో దీన్ని చూసి అనే మాట ఒకటే: "దీనికి విరేచనం కావడం లేదు, పొద్దున చూద్దాం." ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. ఆగింది విరేచనం కాకపోవచ్చు. పొద్దునకు ఆలస్యమైపోవచ్చు.

మూత్రమార్గం పూర్తిగా మూసుకుపోయిన మగపిల్లి చికిత్స అందకపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లో చనిపోతుంది. దీనికి చికిత్స లేదా అంటే, ఉంది. అది కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. ఆసుపత్రిలో చికిత్స పొందిన పిల్లుల్లో పదింట తొమ్మిది వరకు బతికి ఇంటికి చేరుతున్నాయని ప్రచురిత అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి ఈ జబ్బులో ప్రాణానికి ముప్పు తెచ్చేది మందుల కొరత కన్నా, ఇంట్లో మొదటి లక్షణం కనిపించిన క్షణానికీ వైద్యుడి తలుపు తట్టిన క్షణానికీ మధ్య గడిచిన గంటలే. ఆ గంటలను మింగేది నిర్లక్ష్యం మాత్రమే కాదు. పిల్లి మీద ఎంతో ప్రేమ ఉన్నవాళ్లు కూడా అది చెబుతున్నదాన్ని తప్పుగా చదువుకుంటున్నారు.

లోపల జరిగేది అర్థమైతే ఈ తొందర ఎందుకో తెలుస్తుంది. ఆడపిల్లిలో మూత్రమార్గం పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. మగపిల్లిలో అది పొడవు, పైగా చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. ఆ ఇరుకులో సన్నటి స్ఫటికాలు, జిగురు, వాపు వల్ల రాలిన కణాలు కలిసి ముద్దకట్టి బిరడాలా బిగుసుకుంటాయి. కొన్నిసార్లు చిన్న రాయి అడ్డుపడుతుంది. మరికొన్నిసార్లు ఏ వస్తువూ అడ్డు లేకపోయినా వాపు వల్ల, కండరాలు బిగుసుకోవడం వల్ల దారి మూసుకుపోతుంది. కింద దారి మూసుకుందని మూత్రపిండాలకు తెలియదు. అవి వడపోస్తూనే ఉంటాయి. మూత్రాశయం ఉబ్బి గట్టి నిమ్మకాయలా, ఇంకా ఆలస్యమైతే బత్తాయిలా తయారవుతుంది. ఒత్తిడి వెనక్కి తన్ని, చివరికి వడపోతే ఆగిపోతుంది. బయటికి పోవలసిన యూరియా, ఆమ్లాలు, పొటాషియం రక్తంలోనే పేరుకుంటాయి.

వీటిలో అన్నిటికన్నా ముందు ప్రాణం తీసేది పొటాషియం. మామూలుగా పిల్లి రక్తంలో లీటరుకు నాలుగైదు మిల్లీమోల్స్ ఉండే ఈ లవణం 8 దాటితే గుండె లయ చెదిరి, కొట్టుకోవడం నెమ్మదించి, ఆగిపోయే ప్రమాదం ఉంది. సరిగ్గా ఈ దశలోనే ఇంట్లోవాళ్లు మోసపోతారు. అప్పటిదాకా అరిచి, తిరిగి, నాకి, కూర్చుని లేచిన పిల్లి ఒక్కసారిగా మౌనంగా ఓ మూల చేరుతుంది. "పాపం, ఇప్పటికి తగ్గినట్టుంది, పడుకుంది" అనుకుంటారు. తగ్గలేదు, కుప్పకూలుతోంది. వాంతి, ఒళ్లు చల్లబడటం, పిలిస్తే తల ఎత్తకపోవడం వంటివి ఈ దశకు గుర్తులు.

అందుకే ఇలాంటి పిల్లి వచ్చినప్పుడు అనుభవమున్న వైద్యుడు మూత్రం తీయడం కన్నా ముందు గుండెను చూస్తాడు. ఇసిజి తీస్తాడు, గుండెకు రక్షణగా కాల్షియం గ్లూకోనేట్ ఇస్తాడు, పొటాషియంను కణాల్లోకి మళ్లించడానికి గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్ వాడతాడు, సెలైన్ ఎక్కిస్తాడు. ఆ తర్వాతే మత్తిచ్చి సన్నటి గొట్టం పంపి అడ్డు తొలగిస్తాడు. దారి తెరుచుకున్నాక మూత్రం వరదలా వస్తుంది. పోయినంత నీరు మళ్లీ ఎక్కించకపోతే పిల్లి ఎండిపోతుంది. "రెండు మూడు రోజులు ఇక్కడే ఉంచాలి" అని క్లినిక్ చెబితే అది బిల్లు పెంచే ఎత్తుగడ అని అనుమానించేవాళ్లున్నారు. ఈ జబ్బు విషయంలో మాత్రం ఆ అనుమానానికి ఆధారం లేదు. గొట్టం వేసి, ఖాళీ చేసి, అదే సాయంత్రం ఇంటికి పంపేసే చోటే ఎక్కువ ప్రశ్నలు అడగాలి.

"వేడి చేసింది" అన్న మాట

తెలుగు ఇళ్లలో మూత్రానికి సంబంధించిన ప్రతి ఇబ్బందికీ ఒక సిద్ధమైన రోగ నిర్ధారణ ఉంది: వేడి చేసింది. దానికి సిద్ధమైన వైద్యమూ ఉంది: బార్లీ నీళ్లు, మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరినీళ్లు. మూత్రంలో మంటగా ఉన్న మనిషికి ఇవి కొంత ఊరట ఇస్తాయేమో. దారి మూసుకుపోయిన పిల్లికి సిరంజితో బార్లీ నీళ్లు పట్టించడమంటే, నిండిన ట్యాంకుకు కింద కుళాయి తిప్పకుండా పైన మోటారు వేయడమే. కొబ్బరినీళ్ల సంగతి ఇంకా చెడ్డది. వాటిలో పొటాషియం పుష్కలం. ఏ లవణం పిల్లి గుండెను ఆపబోతోందో దాన్నే ప్రేమగా నోట్లో పోసినట్టవుతుంది. మూత్రంలో మంటకు మందుల షాపులో అడగ్గానే ఇచ్చే తియ్యటి సిరప్‌లది మరో ఇబ్బంది. అవి మూత్రాన్ని క్షార గుణంలోకి తెస్తాయి. పిల్లుల్లో తరచూ కనిపించే స్ట్రూవైట్ స్ఫటికాలు పేరుకునేది అలాంటి మూత్రంలోనే.

నొప్పికి పారాసిటమాల్ ఇవ్వడం మరింత పెద్ద తప్పు. మనిషి కాలేయం ఆ మందును గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి సులువుగా బయటికి పంపేస్తుంది. పిల్లి జాతిలో ఆ పని చేసే ఎంజైముకు సంబంధించిన జన్యువు పనిచేయని స్థితిలో ఉంది. దాంతో మందు విషపదార్థంగా మారి ఎర్రరక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. పిల్లి ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఒంటికి ప్రాణవాయువు అందదు. ఒక్క మామూలు మాత్ర ఒక పిల్లిని చంపగలదు. చంటిపిల్లలకు ఇచ్చే సిరప్ కాబట్టి ఫర్వాలేదనుకోవడం ఎంతమాత్రం సరికాదు.

విరేచనం కాలేదనుకుని ఆముదం పట్టించేవాళ్లూ, పొట్ట నొక్కి చూసేవాళ్లూ ఉన్నారు. ఉబ్బిన మూత్రాశయాన్ని నొక్కితే అది లోపలే పగలవచ్చు. ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఒకటుంది, దానికి చేయి వేయనక్కర్లేదు: ట్రేలోని ఇసుక తడిసిందా లేదా చూడటం. రోజుకు రెండు మూడు పెద్ద ఉండలు కట్టే ఇసుకలో ఇవాళ చిన్న చిన్న ముద్దలు మాత్రమే ఉన్నాయా, అసలేమీ లేవా? పిల్లి మగదా, ఆడదా? ఈ రెండు జవాబులు చాలా దూరం తీసుకెళ్తాయి. మగపిల్లి పదే పదే కూర్చుంటూ ఏమీ పోయకపోతే, లేదా చుక్కలు మాత్రమే రాలుస్తుంటే, అది ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన పిల్లి. చుక్కలు వస్తున్నాయి కాబట్టి దారి తెరిచే ఉందనుకోకూడదు. ఆడపిల్లి అయితే, అది తింటూ, చురుగ్గా ఉంటూ కొద్దికొద్దిగా పోస్తుంటే, రక్తపు జీర కనిపించినా సాధారణంగా మర్నాటిదాకా సమయం ఉంటుంది.

పిల్లి నొప్పిని దాచుకునే జంతువన్నది నిజమే. అయినా అది పూర్తిగా దాచలేదు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పిల్లి ముఖాన్ని చూసి నొప్పిని అంచనా వేసే ఒక కొలమానాన్ని ప్రచురించారు. చెవులు పక్కలకు తిరగడం, కళ్లు చికిలించడం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు రావడం, తల భుజాల కన్నా కిందికి వాలడం: ఈ ఐదింటికి మార్కులు వేస్తారు. పిల్లి ఫొటోలు వేలకొద్దీ దాచుకునే ఈ కాలంలో, ఆరోగ్యంగా ఉన్న రోజు ముఖాన్నీ ఇవాళ్టి ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఎవరికైనా సాధ్యమే.

ప్రతిసారీ అడ్డు కాదు, ప్రతిసారీ ఇన్ఫెక్షనూ కాదు

మూత్ర బాధతో వచ్చే పిల్లులన్నిటికీ దారి మూసుకుపోయి ఉండదు. పదేళ్ల లోపు పిల్లుల్లో సగానికి పైగా కేసుల్లో రాయీ దొరకదు, బ్యాక్టీరియా కూడా దొరకదు. మూత్రాశయం గోడ మాత్రం వాచి, నొప్పి పుట్టి ఉంటుంది. కారణం తేలని ఈ వాపును ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముసలి పిల్లుల్లో ఎక్కువ, వయసులో ఉన్నవాటిలో చాలా తక్కువ. అయినా పిల్లి రక్తపు చుక్కలు పోస్తోందని చెప్పగానే మూత్ర పరీక్షయినా చేయకుండా యాంటీబయాటిక్ సూది పొడిచే అలవాటు చాలాచోట్ల ఉంది. అది పనిచేసినట్టే కనిపిస్తుంది కూడా. ఎందుకంటే అడ్డు లేని ఇడియోపతిక్ సిస్టైటిస్ చాలా పిల్లుల్లో వారం రోజుల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. కాకి వాలగానే తాటిపండు రాలింది, పేరు కాకికొచ్చింది. వైద్యుడు తప్పు నేర్చుకుంటాడు, యజమాని తప్పు నేర్చుకుంటాడు, నెల తర్వాత పిల్లి మళ్లీ అదే బాధతో వస్తుంది.

ఈ సూది వల్ల నష్టం ఒక్క పిల్లికే పరిమితం కాదు. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవులను అరికట్టడానికి భారత ప్రభుత్వం 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో మనుషులతో పాటు జంతువుల వైద్యమూ ఉంది. మంచం మీద పడుకునే పిల్లికీ, అదే మంచం మీద పడుకునే మనిషికీ మధ్య బ్యాక్టీరియాకు సరిహద్దు లేదు. మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపి, ఫలితం చూసి మందు రాయమని అడగడం యజమాని హక్కు. అలా అడిగితే నొచ్చుకునే వైద్యులు ఉండవచ్చు, నొచ్చుకోనివ్వాలి.

మరి ఈ వాపు ఎక్కడినుంచి వస్తుంది? అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం ఈ ప్రశ్న మీద దశాబ్దాలు పనిచేసింది. వాళ్లు తేల్చినదాన్ని క్లుప్తంగా చెప్పాలంటే, బాధ మూత్రాశయంలో కనిపిస్తుంది గానీ దాని వేరు పిల్లి పరిసరాల్లోనూ, ఒత్తిడికి దాని నాడీవ్యవస్థ స్పందించే తీరులోనూ ఉంది. 2011లో వాళ్లు ప్రచురించిన ఒక అధ్యయనంలో 32 పిల్లులను గమనించారు. సంరక్షకులు మారడం, తిండి వేళ తప్పడం వంటి మార్పులు వచ్చిన వారాల్లో ఈ జబ్బు ఉన్న పిల్లులే కాదు, ఆరోగ్యంగా ఉన్నవి కూడా తిండి మానడం, వాంతి చేసుకోవడం, ట్రే బయట పోయడం ఎక్కువైంది. అంతకు ముందు 2006లో 46 పెంపుడు పిల్లుల ఇళ్లలో పరిసరాలు మార్పించి పది నెలలు గమనిస్తే చాలావాటిలో లక్షణాలు తగ్గాయి. పోల్చి చూడటానికి వేరే బృందం లేని అధ్యయనమది, ఆ మేరకే దాన్ని నమ్మాలి. కానీ అందులో వాడిన ఉపాయాలకు ఖర్చు లేదు, హాని అసలే లేదు: దాక్కోవడానికి ఒక చోటు, ఎక్కడానికి ఎత్తైన అర, ఆటకు రోజూ కొంతసేపు, పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువగా ట్రేలు.

దీపావళి టపాసుల రాత్రి, ఇంటికి సున్నం వేయించిన వారం, బంధువులు దిగిన పెళ్లి రోజులు, కొత్త కుక్కపిల్ల వచ్చిన నెల. ఇలాంటి సమయాల్లో పరుపు మీద మూత్రం పోసిన పిల్లికి మన ఇళ్లలో వచ్చే పేరు "కక్ష కట్టింది" అని. దెబ్బలు పడతాయి. కొన్నిటిని గోనెసంచిలో పెట్టి ఊరవతల వదిలేస్తారు కూడా. తోక నిటారుగా ఎత్తి, నిలబడి గోడ మీద చిమ్మితే అది హద్దు గుర్తు. కూర్చుని పరుపు మీదో బట్టల కుప్ప మీదో పోస్తే అది చాలాసార్లు నొప్పి. ట్రేలో కూర్చున్నప్పుడల్లా మంట పుడితే ఆ జంతువు ట్రేనే అనుమానిస్తుంది, మెత్తటి చోటు వెతుక్కుంటుంది. దెబ్బలు తిన్న పిల్లికి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే వాపు పెరుగుతుంది. కక్ష ఎవరిదో ఆలోచించాలి.

పెంపుడు పిల్లి ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లి సంతతి. తక్కువ నీటితో బతకడానికి దాని మూత్రపిండాలు మూత్రాన్ని బాగా చిక్కబరుస్తాయి. ఆ పూర్వికుల తిండిలోనే నీరుండేది: ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే. ప్యాకెట్‌లో వచ్చే పొడి గింజల్లో నీరు 10 శాతమే. ఆ లోటు మొత్తాన్ని గిన్నెలోని నీళ్లతో పూడ్చుకునే అలవాటు దానికి లేదు. రోహిణి కార్తె ఎండల్లో పొడి గింజలు మాత్రమే తినే, బరువెక్కిన, గుమ్మం దాటని మగపిల్లి ఈ జబ్బుకు అనువైన అభ్యర్థి. ఉడికించిన కోడిమాంసం నీళ్లు తిండిలో కలపడం, తడి ఆహారం ఇవ్వడం, రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టడం సాయపడతాయి. ఆ నీళ్లలో ఉల్లి, వెల్లుల్లి పడకూడదు, రెండూ పిల్లి రక్తకణాలకు హాని చేస్తాయి. పాలు నీటికి బదులు కావు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు.

"మూత్ర ఆరోగ్యానికి" అని రాసి ఉన్న ప్యాకెట్లను వైద్యుడు చెప్పకుండా కొనకపోవడమే మంచిది. 1980లలో పిల్లుల్లో దొరికే రాళ్లలో ఎక్కువ భాగం స్ట్రూవైట్. మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్ల గుణంలోకి తెచ్చే మేతలు మార్కెట్‌లోకి వచ్చాక స్ట్రూవైట్ తగ్గింది, కాల్షియం ఆక్సలేట్ రాళ్లు పెరిగి దాన్ని మించిపోయాయి. స్ట్రూవైట్‌ను ఆహారంతో కరిగించవచ్చు, ఆక్సలేట్‌కు శస్త్రచికిత్సే గతి. ఏ రాయో తెలియకుండా ఏ మేత మంచిదో ఎవరూ చెప్పలేరు.

ముసలి పిల్లి ఎక్కువ నీళ్లు తాగి, ఎక్కువ మూత్రం పోస్తుంటే అది వేరే కథ. మూత్రపిండాలు దెబ్బతినడం, మధుమేహం, థైరాయిడ్ దానికి కారణాలు కావచ్చు. అది నిదానంగా నడిచే జబ్బు, రక్తపరీక్షకు ఒక పగలు చాలు.

లెక్కలో లేని జంతువు

ఇంటివాళ్లు సకాలంలో గుర్తించారనే అనుకుందాం. అర్ధరాత్రి ఎక్కడికి తీసుకెళ్తారు? 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణనలో కోళ్లు, బాతుల వంటివి కాక 15 జాతులను లెక్కించారు. అందులో ఆవు, గేదె, గొర్రె, మేకలతో పాటు కుక్క ఉంది, కుందేలు ఉంది, ఏనుగు ఉంది. పిల్లి లేదు. లెక్కలో లేని జంతువుకు ఎన్ని పడకలు కావాలో, ఎందరు వైద్యులు కావాలో ఏ శాఖా అంచనా వేయలేదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే ఇంటి ముంగిటికి వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా రైతు పశువుల కోసం. అది సబబే. 2019 గణన ప్రకారం 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్న దేశంలో పశువైద్యం వాటి చుట్టూ పెరగడంలో వింతేమీ లేదు. పాడి మీద బతికే ఇంటికి గేదె పోతే బతుకే పోతుంది.

ఇక్కడే ఒక అభ్యంతరం వినిపిస్తుంది: అంతటి అవసరాలున్న చోట పట్నంవాసుల పిల్లులకు రాత్రి ఆసుపత్రులా? ప్రభుత్వ నిధులు గేదె నుంచి పిల్లికి మళ్లించాలని ఎవరూ అనడం లేదు. నగరాల్లో ప్రైవేటు క్లినిక్‌లు ఇప్పటికే వీధికొకటిగా ఉన్నాయి, అవి పగలు తెరిచి రాత్రి మూస్తాయి. 2024లో ముంబయి మహాలక్ష్మిలో టాటా ట్రస్ట్స్ ప్రారంభించిన చిన్న జంతువుల ఆసుపత్రి రాత్రింబవళ్లు పనిచేస్తుంది. అలాంటిది ప్రతి ఊళ్లో కట్టలేరు. కానీ విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న పది క్లినిక్‌లు వంతులు వేసుకుని రోజుకొకటి రాత్రి తెరిచి ఉంచడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఆ పట్టికను పశుసంవర్ధక శాఖ జిల్లా కార్యాలయం ప్రకటిస్తే చాలు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు విశ్వవిద్యాలయం పట్టభద్రులైన వైద్యులకు పిల్లుల అత్యవసర చికిత్సలో రెండు మూడు రోజుల శిక్షణ ఇవ్వగలవు. గేదెకు గొట్టం వేయడంలో చేయి తిరిగిన వైద్యుడు మిల్లీమీటరు మందం గొట్టంతో మగపిల్లి ముందు తడబడటం అతని లోపం కాదు.

వీటన్నిటికన్నా చౌకైన పని ఒకటుంది. పట్నంలో పిల్లిని పెంచే ఇంట్లో చాలావరకు రేబిస్ టీకా పుస్తకం ఉంటుంది. దాని అట్ట లోపల తెలుగులో రెండు వాక్యాలు అచ్చువేయాలి: మగపిల్లి పదే పదే కూర్చుని మూత్రం పోయలేకపోతే అది అత్యవసరం, అదే రోజు, అదే రాత్రి వైద్యుడికి చూపించాలి. మందులూ, కొబ్బరినీళ్లూ ఇవ్వకూడదు, పొట్ట నొక్కకూడదు. కింద ఆ ఊళ్లో రాత్రి పలికే ఒక ఫోన్ నంబరు. ఆ ఫోన్ ఎత్తే మనిషి వైద్యుడే కానక్కర్లేదు. "మగదా, ఆడదా? చివరిసారి ఇసుక ఎప్పుడు తడిసింది? వాంతి చేసుకుందా?" అని అడగడం వచ్చిన కాంపౌండరైనా చాలు. జవాబు విని "రేపు పది గంటలకు రండి" అనాలో "ఇప్పుడే బయల్దేరండి" అనాలో అతనికి తెలిసి ఉండాలి.